చిన్నత్తకో అర

"ఈ సంచి ఎక్కడ పెట్టనమ్మా?"

గుమ్మంలో నిలబడి అడిగిందావిడ. సంచిలోంచి ఎండుచేపల వాసన వస్తోంది.

కసుబా గదంతా కలయజూసింది. ఒక పక్క చుట్టాల మంచం, ఇంకో పక్క తన ఆఫీసు బల్ల. మంచం మీద ఫైళ్లు. మంచం కింద పాపకు పొట్టివైపోయిన బట్టలు. బీరువా నిండా కాగితాలు, ప్రింటరు అట్టపెట్టె, పెళ్లిలో వచ్చిన గిన్నెలు.

"ప్రస్తుతానికి తలుపు వెనక పెట్టండి చిన్నత్తా. తర్వాత ఒక అర ఖాళీ చేసిస్తాను."

ఆవిడ కసుబా భర్త చితలుకు పిన్ని. అత్తగారి ఆఖరి చెల్లెలు. సంఫ్యాలో సరస్సు ఒడ్డున ఉంటుంది. పెళ్లికి కూడా రాని మనిషి ఇప్పుడు వీళ్లుండే లుసాకా నగరానికి వచ్చింది.

"ఎందుకొస్తోంది?" అని ముందురోజే ఫోన్లో అడిగింది కసుబా.

"చుట్టాన్ని ఎవరైనా ఆ మాట అడుగుతారా?" అన్నాడు చితలు. అతనికి దూరాన రాగి గనుల్లో పని. రెండు నెలలకోసారి ఇంటికొస్తాడు.

"మిమ్మల్ని ఎవరి అమ్మ అని పిలవాలి?" మంచినీళ్లిస్తూ అడిగింది కసుబా.

బిడ్డను కన్న ఆడమనిషిని అక్కడ పేరు పెట్టి పిలవరు. అత్తగారిని ఊరంతా 'చితలు తల్లి' అనే అంటుంది.

"మోనికా అను. అందరూ అలాగే అంటారు."

పాపం, పిల్లల్లేరన్నమాట అనుకుంది కసుబా.

కసుబాది ఇంటి నుంచే ఫోన్లో సమాధానాలు చెప్పే ఉద్యోగం. వెనక పాప ఏడుపు వినిపిస్తోందని ఇప్పటికే ఒకసారి హెచ్చరించారు. ఇంకోసారి వినిపిస్తే మానిపిస్తామన్నారు. ఎనిమిది నెలల లుబుటోకి ఇవన్నీ ఏం తెలుసు?

కసుబా పొద్దస్తమానం ముక్కూ మొహం తెలియని వాళ్లతో మాట్లాడుతుంది. ఫోను పెట్టేశాక, ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి లేడు.

మర్నాడు పొద్దున్నే మోనికా బీరువా తలుపులు తెరిచింది.

"ఇందులో నువ్వు రోజూ వాడేవి ఏవి?"

"అన్నీ వాడతాను."

"ఈ గిన్నెలు కూడానా? ఫోన్లో వండి పెడతావా వాళ్లకి?"

కసుబాకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

మూడు రోజుల్లో గది రూపు మారిపోయింది. రోజూ తీసేవి చేతికందే ఎత్తులోకి వచ్చాయి. ఏడాదికోసారి తీసేవి పెట్టెల్లోకెక్కి మంచం కిందికి పోయాయి. ఆవిడకు చదువు రాదు. అందుకని ఒక్కో పెట్టెకు ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టింది. మంచానికీ బల్లకూ మధ్య తాడు లాగి తను నడుముకు చుట్టుకునే గుడ్డ ఒకటి అడ్డంగా వేలాడదీసింది.

చితలు చిన్నప్పటి ఫొటో అంటించిన ఒక్క ఫైలు దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఇందులో ఏముంది, చదువు."

"ఆయన బడి మార్కులు చిన్నత్తా. ఇంగ్లీషు డెబ్బై. లెక్కలు ముప్పై ఒకటి."

"అంత మొద్దా?" అంది మోనికా. ఆ ఫైలు మాత్రం అన్నిటికన్నా పై అరలో పెట్టింది.

తన సంచి అలాగే తలుపు వెనక ఉంది. ఖాళీ చేసిస్తానన్న అర సంగతి కసుబా మరిచిపోయింది. ఆవిడా అడగలేదు.

రోజూ ఎనిమిది కొట్టేసరికి మోనికా పాపను వీపున కట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయేది. సంకటి కెలికినా, బట్టలుతికినా పాప వీపు మీదే. కసుబా పని ముగిసేదాకా ఇంట్లోకి వచ్చేది కాదు. వారమంతా ఫోన్లో ఒక్క ఏడుపు వినబడలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం కసుబా చేతులు చాచింది.

లుబుటో రాలేదు. మొహం తిప్పుకుని మోనికా మెడ కరుచుకుంది.

కసుబా చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. రేపు నన్ను అమ్మ అని గుర్తుపడుతుందా ఇది?

"పిల్లను రోజంతా అలా మోయకూడదు చిన్నత్తా. ఎంతసేపు ఎత్తుకోవాలో కన్నవాళ్లకు తెలుస్తుంది."

అనేశాక నాలుక కరుచుకుంది గానీ, క్షమించమనలేదు.

మోనికా మెల్లగా ముడి విప్పి పాపను అందించింది.

"నిజమేనమ్మా. కన్నవాళ్లకు తెలుస్తుంది."

కట్టుగుడ్డ మడత పెడుతూ, "రేపు సంఫ్యా బస్సుంటుంది కదూ?" అంది.

అప్పుడేనా, ఇంకో నాలుగు రోజులుండండి అనాలి. చుట్టం వెళతానంటే ఎంత లేనింట్లోనైనా ఆ మాట అంటారు.

"పొద్దున్నే వెళితే సీటు దొరుకుతుంది" అంది కసుబా.

మోనికా బస్సెక్కిన మర్నాడు, శుక్రవారం పది గంటలకు, ఎవరో పెద్దాయన ఫోన్లో ఉండగా లుబుటో గుక్కపట్టి ఏడ్చింది. పన్నెండుకల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది, సోమవారం నుంచి పని చెయ్యక్కర్లేదని.

సర్దిన గదిలో కసుబా ఒక్కతే కూర్చుంది. వెతుక్కోవడానికైనా ఒక్క వస్తువు లేదక్కడ.

సాయంత్రం అత్తగారు ఫోన్ చేసింది.

"మోనికాను ఒకసారి పిలువు."

"నిన్ననే వెళ్లిపోయారు అత్తయ్యా."

"అప్పుడేనా? నెల్లాళ్లుంటానని కదా వచ్చింది. ఏమన్నావే?"

"నేనేమన్నాను? పిల్లల్లేని మనిషి కదా, పాపను కిందికి దించితేగా. అదే కొంచెం..."



"నాకు పిల్లలు పుట్టరని తేలిన ఏడాది, మోనికా తన పాలు తాగే మగబిడ్డను తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది, వాడి పేరుతో ఊరు నన్నే పిలవాలంది" అంది చితలు తల్లి. "ముప్పై ఏళ్లలో అది నోరు తెరిచి అడిగింది ఒక్కటే, తన మనవరాలిని ఒక్క నెల వీపున కట్టుకుంటానని."