మొలకెత్తని పదకొండు గింజలు

ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత మొద్దు బ్యాచ్‌ని టీచరమ్మ చూడలేదు.

గుమ్మం దగ్గరే మొదలైంది గోల. బూట్లు విప్పి లోపలికి రమ్మంటే ఒకరు విప్పనంటారు. మేజోడుకి చిల్లు ఉందట. ఇంకొకరు తివాచీ మీద కూర్చోనంటారు. బట్టలు మాసిపోతాయట. వచ్చి రెండు నిమిషాలు కాలేదు, వెనక వరుసలోంచి ఒక గొంతు, "బిస్కెట్లు ఎప్పుడిస్తారు?"

మొత్తం పదకొండుమంది. ఒకరిని మించినవారు ఇంకొకరు.

టీచరమ్మ నవ్వు మొహం పెట్టుకుంది. ఋతువుల ఆట ఆమె సొంతంగా తయారుచేసుకున్న పాఠం. గింజ మొలకెత్తడం, వాన కురవడం, గాలి వీచడం, ఆకు రాలడం, అన్నీ ఒంటితోనే చెప్పాలి. ఆ పీరియడు తీసేసి లెక్కలు పెడదామని పై నుంచి మాట వచ్చింది. పీరియడు పోతే టీచరమ్మ ఉద్యోగమూ పోతుంది. "ఒక్క నలభై నిమిషాలు నన్ను ఆడించనివ్వండి, తర్వాత మీ ఇష్టం" అని ఆమే బతిమాలి తెచ్చుకుంది ఈ రోజుని. ఆమె అన్నం ఇప్పుడు ఈ పదకొండుమంది చేతుల్లో ఉంది. ఏం చేతులో, ఏం కాళ్ళో!

"అందరూ గింజల్లా ముడుచుకోండి," అంది, చిన్న డ్రమ్ము మీద వేళ్ళు ఆడిస్తూ.

ముడుచుకోవడమా! పొట్టల నిండా మెక్కి వచ్చారో ఏమో, సగంలోనే ఆగిపోయారు. కూర్చున్నవాళ్ళని మొలకెత్తమంటే ఒక్కరూ లేవలేదు. ఒకరికి కడుపునొప్పి. ఒకరికి దాహం. ఒకరు బాత్రూముకి వెళ్తే వెనకే ముగ్గురు పరుగు. గోడకి ఆనుకుని ఒకరు ఏకంగా కునుకు తీశారు. తలుపు దగ్గరున్న ఆయా మూతి మూడు వంకర్లు తిప్పింది.

వాన ఆటకి రిబ్బన్లు పంచారు. అంతే, కొట్లాట.

"నాకు నీలం వద్దు. పచ్చది కావాలి."

"అది ముందు నేను చూశాను!"

"టీచర్, ఎవరో నా కాలు తొక్కారు!"

పచ్చ రిబ్బనుని చెరోవైపు లాగి చింపారు. వాన సంగతి అందరూ మరిచిపోయారు.

పైగా ఈ సంతకొక నాయకుడు. మొహం ఎప్పుడు చూసినా అలిగినట్టే ఉంటుంది కాబట్టి ఆయా అప్పుడే బుంగమూతి అని పేరు పెట్టేసింది. బుంగమూతి ఎడమ చెయ్యెత్తితే పదిమందీ ఎడమ చేతులెత్తారు. బుంగమూతి ముక్కు గోక్కుంటే, గాలి ఆట ఇదే కాబోలనుకుని పదిమందీ ముక్కులు గోక్కున్నారు. తానా అంటే తందానా. సొంత బుర్రని ఇంటిదగ్గరే పెట్టి వచ్చారు మహానుభావులు.

"ఆ డ్రమ్ము బాలేదు. అందుకే రావట్లేదు," అన్నాడు బుంగమూతి.

"అవును, డ్రమ్మే బాలేదు," అన్నారు మిగతావాళ్ళు.

ఆడలేక మద్దెల ఓడు! టీచరమ్మ డ్రమ్ము పక్కన పెట్టి చప్పట్లు అందుకుంది.

"ఇప్పుడు చెట్టు మీంచి ఆకులు రాలుతున్నాయి. మెల్లగా తిరుగుతూ, తిరుగుతూ, కిందికి..."

ఒక్క ఆకూ రాలలేదు. ముందెవరు పడతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పడితే నవ్వుతారు," అని ఎవరో గొణిగారు. నవ్వడానికి ఇంకేం మిగిలింది గనక!

కిటికీ అవతల నాలుగేళ్ళ బ్యాచ్ ముక్కులు అద్దానికి ఆనించి కిచకిచలాడుతోంది.

"వీళ్ళకి ఆకు కూడా రాదా?" అంది రెండు జడల పిల్ల ఒకతి. చూసి చూసి, ఉండబట్టలేక లోపలికి వచ్చేసింది. చేతులు చాచి, నడుం తిప్పి, ఊగి ఊగి, చప్పుడు లేకుండా తివాచీ మీద వాలింది. టీచరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. బడిలో చేరినప్పుడు ఆ పిల్ల నోరు విప్పేది కాదు. నాలుగు నెలలు ఆకూ వానా గాలీ ఆడాక మొన్ననే మాటల్లో పడింది.

"చూశారుగా, అంతే!" అంది టీచరమ్మ ఆశగా. "ఒక్కసారి చెయ్యండి. నా కోసం."

బుంగమూతి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మిగతా పదిమందీ చేతులు కట్టుకున్నారు.

గంట మోగింది. అందరూ బూట్ల మీద పడ్డారు. రాలేదన్న సిగ్గు ఒక్క మొహంలో ఉంటే ఒట్టు. బిస్కెట్ల పళ్ళెం వచ్చేసరికి మాత్రం, అబ్బో, ఏం చురుకు! ఇందాక లేవని మోకాళ్ళన్నీ టక్కున లేచాయి. పళ్ళెం క్షణంలో ఖాళీ అయింది. తివాచీ నిండా పొడి.

"మేకల్ని తోలుకొచ్చినా ఈపాటికి నాలుగు గంతులు నేర్చుకునేవమ్మా," అంది ఆయా చీపురు అందుకుంటూ. "వీళ్ళసలు బాగుపడతారంటారా?"

"పోనీలే, ఇవాళే కదా మొదలు," అంది టీచరమ్మ. ఎవరి మీదా ఆశ వదులుకోవడం ఆమెకి చేతకాదు.

పన్నెండు గంటలకి హెడ్మాస్టరు గదిలో, 'ఇవి పసిపిల్లలకి కూడా ఇట్టే వచ్చే పనులు, వీటికో పీరియడూ ఓ టీచరూ దండగ' అని రాసి ఉన్న కాగితం మీద, విద్యా కమిటీ చైర్మన్ హోదాలో బుంగమూతీ, ఆ వెంటనే సభ్యులు పదిమందీ సంతకాలు పెట్టారు.