సభ్యులకు మాత్రమే

“ముందు మీకు ఈమెయిల్ ఐడీ ఉందా?” అన్నాడు లోకనాథ్, కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే.

వీరవేణికి మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. “లేదండి. మా చెల్లి ఆసుపత్రిలో ఉందండి. పొద్దున్న కాన్పయింది, రక్తం ఆగట్లేదు. ఓ నెగెటివ్ ఎక్కించాలంట, బ్లడ్ బ్యాంకులో లేదంట. మీ వెబ్‌సైట్లో ఎవరిది ఏ గ్రూపో ఉంటుందని నర్సుగారు చెప్పారు. నెట్ సెంటరుకెళ్తే, పేరు నమోదు చేసుకోకపోతే అది లోపలికి రానివ్వదన్నారు.”

“రానివ్వదు. అలా పెట్టింది నేనే.”

అతను ఆ మాట గర్వంగానే అన్నాడు. ‘మన డెల్టా’ అనే ఆ సైటును రాజమండ్రిలోని తన డీటీపీ సెంటరు నుంచి, మరో ఇద్దరు స్నేహితులతో కలిసి జీతం భత్యం లేకుండా నడుపుతున్నాడు. గోదావరి జిల్లాలవాళ్ళు అందులో కబుర్లు చెప్పుకుంటారు, అన్నవరం వెళ్ళొచ్చిన ఫోటోలు పెట్టుకుంటారు. ఒక్కొక్కరి పేజీలో వాళ్ళ రక్తం గ్రూపు ఉంటుంది. అవన్నీ సభ్యులకే కనిపిస్తాయి.

“మీరే ఒకసారి చూసి చెప్పండి సార్.”

“నేనే చూసి చెప్పేస్తే ఇక రిజిస్ట్రేషన్ దేనికమ్మా? దారిన పోయేవాళ్ళకి మా సభ్యుల వివరాలు ఇస్తామా? అసలు మీరెవరో నాకేం తెలుసు?”

“వీరవేణండి. మాది మండపేట. రైసు మిల్లులో పని చేస్తానండి.”

“ఇంటిపేరు?”

చెప్పింది. అతను ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. ముందు ఆమెకో ఈమెయిల్ ఐడీ తయారు చేశాడు. నెట్ రెండుసార్లు తెగిపోయింది. తర్వాత పాస్‌వర్డ్ చెప్పమన్నాడు.

“అశ్విని అని పెట్టండి. మా చెల్లి పేరు.”

“సొంతవాళ్ళ పేర్లు పెట్టకూడదండి. ఎవడైనా కనిపెట్టేస్తాడు.”

ఫోటో అడిగితే ఆమె బస్ పాసు మీది ఫోటో పీకి ఇచ్చింది. అతను దాన్ని స్కానరులో రెండుసార్లు సరిచేసి పెట్టాడు, వంకరగా వస్తే పేజీ అందం పోతుందని.

“ఎందుకు చేరాలనుకుంటున్నారు?”

“రక్తం కోసమండి.”

“అది రెండు మాటలే. యాభైకి తగ్గితే తీసుకోదు. వివరంగా చెప్పండి.”

వీరవేణి అతని మొహంలోకి చూసింది. అతను పరిహాసమాడటం లేదు. “మా చెల్లికి ఇరవై రెండేళ్ళండి. తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది, పిల్ల బాగానే ఉంది. తల్లి మొహమే పాలిపోయింది. మా మరిది మిల్లు లారీ మీద ఒడిశా వెళ్ళాడు, ఇంకా కబురందలేదు. మా అమ్మ ఒక్కతే అక్కడుంది...” ఆమె చెబుతున్నంతసేపూ అతను కొడుతూనే ఉన్నాడు.

“ముప్పై తొమ్మిది. ఇంకో పదకొండు చెప్పండి.”

“బతకాలండి,” అంది.

“ఒకటి,” అన్నాడు లోకనాథ్.

మిగతా పదీ మండపేట వీధుల పేర్లతో నింపాడు. ఎర్ర గులాబీతో ‘స్వాగతం’ అని వచ్చింది. “మామూలుగా అయితే రెండు రోజులు పడుతుందండి. మీ పరిస్థితి చూసి నేనే ఓకే చేశాను,” అంటూ ఓ నెగెటివ్ కోసం వెతికాడు. ఎవరూ లేరని వచ్చింది.

“నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కరూ లేరండి. అరుదైన గ్రూపు కదా.”

అప్పటికి ఆమె వచ్చి గంటన్నర. చేతిలో సెల్‌ఫోను మోగింది. “అమ్మా... ఎక్కిస్తున్నారా? ఎవరిచ్చారు?” అని వింటూనే వీరవేణి కుర్చీలో కూలబడి, కొంగుతో మొహం కప్పుకుంది. కళ్ళు తుడుచుకుని చెప్పింది. “వార్డు ఆయాగారి తమ్ముడంటండి. లాజరంట, ఆటో తోలతాడంట. పరీక్షలు చేసి తీసుకున్నారంట. చెల్లి కళ్ళు తెరిచిందంట.”

“లాజరు ఏంటి? ఇంటిపేరు?”

“అడగలేదంటండి.”

“చూశారా? ఊరూ పేరూ సరిగా తెలియనివాళ్ళ దగ్గర అలా తీసుకోకూడదండి. అతన్ని ఒకసారి ఇక్కడికి పంపించండి, చేర్చుకుంటాను.”

వీరవేణి లేచింది. “నా పేరు తీసేయండి సార్.”

“తీయాలంటే కారణం రాయాలండి,” అన్నాడు అతను.

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

లోకనాథ్ తలుపు దగ్గరకు వేసి వచ్చి, తన సొంత పేజీ తెరిచి చూసుకున్నాడు. రెండేళ్ళ క్రితం ఎవరో రక్తం కావాలని ఫోను చేసిన మర్నాడు, తన ఓ నెగెటివ్ తీసేసి వేసుకున్న ‘బి పాజిటివ్’ అలాగే ఉంది.