పసుపు బిళ్ళల బోర్డు

నెల్లిమర్లలో నాది పాత సామాన్ల కొట్టు. 2014 తుఫానుకి ముందు, మూతపడిన ఓ షేర్ల ఆఫీసు నుంచి ధరలు చూపించే పాత బోర్డు కొన్నాను. సముద్రంలో చేపల వేటకెళ్ళిన మా బావ శివాజీ తుఫాను వెలిసినా తిరిగి రాలేదు. అతని భార్య, నా చెల్లెలు గున్నమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. ఊళ్ళో కరెంటు లేదు.

ఓ సాయంత్రం గున్నమ్మ దీపం పట్టుకుని బోర్డు చూస్తూ, "ఏటన్నా, ఇందులో బల్బులేవి?" అంది.

"బల్బులు కావే, బిళ్ళలు. ఓ పక్క నలుపు, ఓ పక్క పసుపు. కరెంటుకి తిరుగుతాయి. అయస్కాంతం ఆడించినా తిరుగుతాయి, సూడు."

చూపించి, మళ్ళీ అన్నిటినీ నల్లగా తిప్పేసి పడుకున్నాను.

రాత్రి చిటచిటమని చప్పుడు. ఎలకలనుకుని టార్చి వేశాను. బోర్డు మీద పసుపురంగు అరచెయ్యి. చిటికెన వేలు లేదు. అయస్కాంతం నా జేబులోనే ఉంది.

బావ చిటికెన వేలు ఏనాడో వలతాడు తెంపేసింది.

"మీ బావ సెయ్యే అన్నా!" గున్నమ్మ పరుగున వచ్చింది.

"ఒసే, ముట్టుకోకే!"

వినలేదు. తన అరచెయ్యి దానిమీద ఆనించింది. చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి, ఆమె వేళ్ళ సందుల్లో నల్ల బిళ్ళలు, వేళ్ళలో వేళ్ళు జొనిపినట్టు, ఒక్కొక్కటే పసుపుగా తిరగడం మొదలెట్టాయి.