చిన్న ఇంజనుకు ఉప్పునీళ్లు

పుంగనూరులో నాగరత్నమ్మ పెరట్లోకి దూరి, నీళ్లు కాచే రాగి అండా లోపలి అడుగును ఎవరో సాయిబు గోటితో గీరుతున్నాడు.

"రాగి మందం సూస్తాండావా సాయిబూ?" నాగరత్నమ్మ తమ్ముడు అంజినప్ప అడ్డంగా నిలబడ్డాడు.

"లేదప్పా. పిలిస్తే ఎవరూ పలకలా, అందుకే లోపలికొచ్చినా. మీరు ఇంజను కొంటాండారంట గదా."

ఇంజను మాట వినపడగానే నాగరత్నమ్మ బయటికొచ్చింది.

యుద్ధం ముగిసి ఏడాదైంది. ఊరంతా మిల్లు నూనెకు మరిగింది. మొగుడు పోయాక ఆమెకున్న ఆధారం నూనెగానుగ ఒక్కటే. దానికి ఇంజను తగిలించాలని గానుగెద్దులు రెండింటినీ అమ్మేసింది.

మదనపల్లె దళారి దగ్గర రెండు పాత డీజిలు ఇంజన్లు అమ్మకానికున్నాయి. కలికిరివాళ్లది పెద్దది. కుప్పంవాళ్లది చిన్నది, నలుగురు మోసుకుపోయేటంత. రెండింటికీ లోపల నీళ్లు తిరుగుతుంటేనే వేడి దిగుతుంది. గానుగింట్లో చోటు ఇరుకు కాబట్టి ఆమె మనసు చిన్నదాని మీదే ఉంది.

సాయిబు బావినీళ్లు చేది, పుక్కిలించి ఉమ్మేశాడు.

"చిన్నది వద్దమ్మా. దాంట్లో నీళ్లు పారే దోవలు శానా సన్నం. మీ ఉప్పునీళ్లకి అండాలోనే ఇంత సున్నం పేరుకోని ఉండాది. ఆ దోవలు మూసుకుంటే ఇంజను కాగి పగిలిపోతాది. పెద్దదైతే మూత విప్పి గీక్కోవచ్చు."

"కలికిరోళ్లు పంపినారా నిన్ను?" అంది నాగరత్నమ్మ.

"నన్నెవరూ పంపలేదమ్మా. నేనెవరంటే..."

"నువ్వెవరో మాకు తెలిసిపాయలే," అన్నాడు అంజినప్ప. "గుమ్మడికాయ దొంగంటే బుజాలు తడుముకుంటాండాడు సూడక్కా."

నాగరత్నమ్మ గుక్కెడు మజ్జిగైనా ఇవ్వలేదు. "సెప్పింది సాలు, పోయిరాప్పా."

"నేను సెప్పాల్సింది సెప్పినా. ఇంక మీ ఇష్టం తల్లీ."

పనిగట్టుకొచ్చి వద్దన్నాడంటే చిన్నదే మేలైనదని అక్కాతమ్ముళ్లకు గట్టి నమ్మకం కుదిరింది. మరునాడే మదనపల్లెకు బండి కట్టి దాన్ని తెచ్చుకున్నారు.

సరిగ్గా వేరుశనగ కాయలు ఇళ్లకు చేరే వేళకు ఇంజను కాగిపోయి నిలువునా పగిలింది. నాగరత్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఇంజనూ లేదు, ఎద్దులూ లేవు. ఇక గానుగ తిప్పేదెలా?

"తెలిసి తెలిసి పాడుది అంటగట్టినాడు ఆ కుప్పమోడు. వాని గొంతు పట్టుకుంటా, పదక్కా," అన్నాడు అంజినప్ప.

దళారి చెప్పిన గుర్తులతో కుప్పంలో ఇల్లు దొరికింది. యజమాని పేరు అలావుద్దీన్ అట. అంజినప్ప తలుపు దబదబా బాదాడు.

"మాకు ఇంజను అమ్మినోడెవడు? బయటికి రా."

"అది నాదేనప్పా," అంటూ తలుపు తీశాడు, చిన్నది కొనొద్దని చెప్పడానికి పుంగనూరు దాకా వచ్చిపోయిన ఆ సాయిబు.