దుప్పటి కప్పిన పార్లమెంటు

పార్లమెంటు ఇప్పుడు ప్రతి ఇంటి గోడ మీదా ఒక పెట్టె. బిల్లును మూడుసార్లు చదువుతుంది. మూడోసారి ఎవరూ "వద్దు" అనకపోతే అది చట్టమే.

మా ఊరిని జలాశయంలో ముంచే బిల్లు మూడోసారి చదివే రోజే మా అన్న సుంకన్న పోయాడు. చావు జరిగితే ఊళ్లో ఏ పనైనా ఆగుతుంది గదా, ఇదీ ఆగుతుందనుకుని అందరం పెట్టెల మీద దుప్పట్లు కప్పాం.

పూడ్చి వచ్చి, స్నానాలు చేసి దుప్పటి తీశాం.

"అభినందనలు. మీ ఊరు ఏకగ్రీవంగా ఒప్పుకుంది," అంది పెట్టె.

"వద్దు! మా ఇంట్లో పీనుగ లేసింది, కండ్లు లేవా నీకు?" అని అరిచింది అన్న కూతురు మారెక్క.

"చట్టమైపోయిందమ్మా."

మారెక్క నావైపు తిరిగింది.

"చిన్నాయనా, నాయన్ను మళ్లీ తవ్వి ఎత్తుకపోదామా, నీళ్లకే ఇడిసిపెడదామా?"