పిట్ట పడని తెర

“ఈ డబ్బా నువ్వే పెట్టుకోని నాకొక పల్చంది ఇయ్యి ప్రసాదూ!”

ఆటో అతని చేత మోయించుకొచ్చిన పాత మానిటర్‌ను బల్ల మీద పెట్టించి, రామేశ్వరమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో పాత టీవీలూ కంప్యూటర్లూ బాగుచేసే యేసుప్రసాద్‌కు ఆ డబ్బాను చూడగానే చుట్టం ఇంటికొచ్చినంత సంబరమైంది. తెర మీద పిట్టల్ని కొట్టే తుపాకీ ఆటతో సహా దాన్ని ఆమె మొగుడు ఓబుళేశు మామకు అమ్మింది తనే మరి. గబగబా ప్లగ్గు పెట్టాడు. డబ్బా చిటపటలాడి వెలిగింది. బొమ్మ నిక్షేపంలా ఉంది.

“దీనికేం రోగమత్తా? గుండు మాదిరుండాది.”

“దానికేం ల్యా. మీ మామే తుపాకీ ముట్టక నెల దినాలాయ. బువ్వ ముందర పెట్టుకోని గోడ తట్టు చూస్తాంటాడు. ఈ డబ్బా కనపడితే చాలు, మొగం తిప్పుకుంటాడు. ఇది ఇంట్లో ఉంటే నాకు మనిషి దక్కేటట్టు లేడప్పా.”

యేసుప్రసాద్ మనసు చివుక్కుమంది. ఓబుళేశు బండల ఫ్యాక్టరీ నుంచి ఒళ్ళంతా తెల్లదుమ్ముతో రావడం, కాళ్ళన్నా కడుక్కోకుండా పెళ్ళాంతో పందెం కట్టి ఆ డబ్బా ముందు కూర్చుని పిట్టల్ని కొట్టడం ఆ వీధిలో ఎరగనివాళ్ళు లేరు. ఓడినవాళ్ళు టీ పెట్టాలి. టీ ఎప్పుడూ రామేశ్వరమ్మే పెట్టేది.

“పాతదాని మీద మోజు తీరిందేమోలే. అయినా తుపాకీ ఆటకు పల్చంది పనికిరాదత్తా.”

“నాకు పల్చందే కావాల.”

ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంకో వ్యాపారి అయితే నోరు మూసుకుని పల్చటి మానిటర్ కట్టిచ్చి పంపేవాడు. వచ్చిన లక్ష్మిని కాలదన్నుకునే రకం మన యేసుప్రసాద్. లోపల్నుంచి ఆటపెట్టె తెచ్చి, ముందు డబ్బాకు తగిలించి, బొమ్మ తుపాకీ ఆమె చేతికిచ్చాడు.

“కొట్టు.”

రామేశ్వరమ్మ ఒక కన్ను మూసింది. పదికి ఎనిమిది పిట్టలు టపటపా రాలాయి.

ఆటపెట్టెను పల్చటి తెరకు మార్చాడు. “ఇప్పుడు దీంట్లో కొట్టు.”

పదిసార్లు మీట నొక్కింది. ఒక్క పిట్టా రాలలేదు. అన్నీ రెక్కలాడించుకుంటూ హాయిగా ఎగిరిపోయాయి.

“చూస్తివా? తుపాకీలో ఒక కన్నుంటాది. మీట నొక్కినప్పుడు తెర మీద మెరుపు మాదిరి వస్తాది. ఆ మెరుపును ఈ కన్ను పట్టుకోవాల. డబ్బాలో నొక్కీ నొక్కకనే వస్తాది. పల్చందాంట్లో రవ్వంత లేటు. బస్సు పోయినాక స్టాండుకు పోయినట్ల.”

“నా గురే తప్పిందేమో. నువ్వు కొట్టు.”

యేసుప్రసాద్ కొట్టాడు. పడలేదు. తుపాకీ గొట్టం తెరకు ఆనించి మరీ కొట్టాడు. ఊహూఁ.

“ఎవురు కొట్టినా పడవా?”

“మిలిటరీవాణ్ణి పిల్చకొచ్చినా పడవు.”

“మీ మామ కొట్టినా?”

“మామకూ సున్నానే, నీకూ సున్నానే. దేవుని తోడు.”

రామేశ్వరమ్మ తేలిగ్గా ఊపిరి వదిలింది. “అయితే ఇదే కట్టియ్యి నాయనా.”

యేసుప్రసాద్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. వరసకు అత్తయినా, వయసులో పెద్దదైనా ఇక ఊరుకోలేకపోయాడు.

“ఓహో, మామను ఆట మాన్పించాలని ఇంత ఎత్తేసినావా? దినమ్మూ టీ పెట్టల్యాక పోతాండావా? ఆ మనిషికుండే సరదా అదొక్కటే గదత్తా! పిల్లోని మాదిరి ఎంత మురిసిపోతాడు! దాన్ని కూడా లాక్కుంటే ఇంకేం మిగుల్తాదాయనకు?”

ఆమె చెంగుతో మళ్ళీ ముఖం తుడుచుకుంది. ఈసారి తుడిచింది చెమట కాదని కోపంలో ఉన్న యేసుప్రసాద్ గమనించలేదు.

తిట్టుకుంటూనే తెరను అట్టపెట్టెలో పెట్టి కట్టాడు. తిట్టుకుంటూనే వైరు సరిపోతుందో లేదో రెండుసార్లు చూసి ఇచ్చాడు. ఆటో దాకా తనే మోసుకెళ్ళి, ఆమె కూర్చున్నాక ఒళ్ళో పెట్టాడు. ఎంత కోపమొచ్చినా ఓబుళేశు మామ ఇంటికి పోయే వస్తువు కదా.

“ఆ డబ్బాను నేను అమ్మను. మామ ఎప్పుడడిగితే అప్పుడు తెచ్చి బిగిస్తా,” అన్నాడు మొండిగా.

“నువ్వు శానా మంచోడివి ప్రసాదూ,” అంది రామేశ్వరమ్మ.

“మంచోణ్ణే, తిట్లు తినేదీ నేనే! రేపు మామ ఈడికొచ్చి, ఇదేం తెర ఇచ్చినావురా, ఒక్క పిట్టా పడల్యా అని నడిబజార్లో నన్ను కడిగేస్తాడు. అప్పుడేం చెప్పాల నేను?”

ఆటో కదలబోతోంది. రామేశ్వరమ్మ ఆ అట్టపెట్టెను రెండు చేతులా పొదువుకుని అంది:

“ఏం చెప్పొద్దు, కడుపునిండా తిట్టనీ నాయనా. నెల దినాల్నుంచీ, వణికే తన చేతినే తిట్టుకుంటాండాడు.”