మూడంతస్తుల కూర

“ఆఫీసరు సందు మలుపు తిరిగాడు. తాడు సిద్ధమేనా?” కింది కిటికీలోంచి టైలర్ తాత గుసగుసలాడాడు.

“ఎప్పుడో సిద్ధం. నువ్వు కబుర్లు పెట్టుకోకుండా ఆయన్ని తొందరగా పంపెయ్,” అంది ఆయమ్మ పై అంతస్తులోంచి.

ఆ పాత మేడలో అంతస్తుకో గది, గదికో ఒంటరి ప్రాణం. కింద టైలర్ తాత, మధ్యలో వాచీలు బాగుచేసే తాత, పైన ఒకప్పుడు బళ్ళో ఆయాగా చేసిన ఆయమ్మ. నిన్నటి నుంచి ముగ్గురూ కలిసి తిన్నది నాలుగు బిస్కెట్లు.

ఆఫీసరొకడు ముసలివాళ్ళ వంటిళ్ళు చూస్తున్నాడని రెండు రోజులుగా వీధంతా గుప్పుమంది. ఎందుకో వాచీల తాతే విడమరిచి చెప్పాడు.

“పొయ్యి చల్లగా కనబడిందా, అంతే! వీళ్ళని వీళ్ళు చూసుకోలేరని రాసేసి, వ్యానెక్కించి ఆశ్రమంలో పడేస్తారు.”

ఆయమ్మ తన గదంతా ఓసారి చూసుకుంది. పొద్దున్నే ఎండ కిటికీలోంచి తిన్నగా వచ్చి ఆమె మంచం మీద కూర్చుంటుంది. అలాంటి గది ఏ ఆశ్రమంలో దొరుకుతుంది?

అందుకని ఇంటింటా అడుగూబొడుగూ ఊడ్చారు. టైలర్ తాత బంగాళాదుంపలు తెచ్చాడు, వాచీల తాత ఉల్లిపాయ. ఉప్పూ నూనే ఆయమ్మవి. వెరసి ఒక గిన్నెడు కూర. గిన్నె ఒకటి, చూపించాల్సిన వంటిళ్ళు మూడు. కాబట్టి ఒక బుట్ట, ఒక తాడు.

ఆయమ్మ కిటికీకి చెవి ఒగ్గింది. కింద మూత తీసిన చప్పుడు. అంతటితో ఊరుకోవచ్చుగా! టైలర్ తాతకి మర్యాద ముంచుకొచ్చింది.

“కాస్త రుచి చూడండి సార్.”

ఆయమ్మ తల కొట్టుకుంది.

ఆఫీసరు మెట్లెక్కుతుంటే కూర కిటికీలెక్కింది. మధ్య అంతస్తులో వాచీల తాత, టైలర్ తాతతో పంతానికి పోయి రెండు గరిటెలు వడ్డించాడు. గిన్నె పైకి చేరేసరికి సగమైంది.

వేడి వేడి వాసన. ఒక్క ముక్క నోట్లో వేసుకుందామని ఆయమ్మ చెయ్యి చాచింది. తలుపు చప్పుడైంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పెద్దమ్మగారూ, వంటిల్లు చూడొచ్చా?”

“ఎందుకు నాయనా?” అంది ఏమీ ఎరగనట్టు.

“ముందే చెప్పకూడదని మా రూలమ్మా.”

మూత తీసి చూశాడు. “కింద కూడా ఇదే కూర!”

“దుంపలు చవగ్గా వచ్చాయి. ముగ్గురం ఒకేసారి ఎగబడ్డాం.”

“రోజూ వండుకుంటారా?”

“రెండు పూటలా.”

“ఎప్పుడైనా పస్తులు…”

“పస్తులా? ఒళ్ళు తగ్గించమని డాక్టరు మొత్తుకుంటుంటేనూ!” అంది, వదులైపోయిన జాకెట్టు చేతుల మీదికి కొంగు లాక్కుంటూ. “కొంచెం తిను నాయనా.”

“వద్దమ్మా, కింద రెండు చోట్లా తిన్నాను.”

“వాళ్ళింట్లో తిని నా ఇంట్లో తినకపోతే నాకు తలవంపులు కాదూ?”

తిన్నాడు. బ్రహ్మాండంగా ఉందన్నాడు. కాగితం మీద ఏదో రాసి సంతకం అడిగాడు. ఆయమ్మ కళ్ళజోడు కూడా వెతక్కుండా గీకిపారేసింది. ఆయన దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

మరుక్షణం తాతలిద్దరూ ఆయమ్మ గదిలో ఉన్నారు. వాచీల తాత మోకాళ్ళ నొప్పి మరిచిపోయి చిన్న గంతు కూడా వేశాడు. తర్వాత ముగ్గురూ గిన్నెలోకి తొంగిచూశారు. అడుగున రెండు ముక్కలు.

“ఏం లాగించాడయ్యా! వారం నుంచి తిండి లేనట్టు!” అన్నాడు వాచీల తాత.

“రెండో గరిటె వేసిందెవరు? నువ్వు కాదూ?”

“రుచి చూడమని మొదలెట్టిందెవరో!”

“ఊరుకోండి ఇద్దరూ. వ్యాను తప్పింది, అది చాలు,” అంటూ ఆయమ్మ వీధి కిటికీ తెరిచింది.

కింద ఆఫీసరు పొట్ట నిమురుకుంటూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. “ఈ మేడలో ఎవరికీ తిండికి లోటు లేదు మేడమ్, రేపట్నుంచి రోజూ ఉచితంగా ఇంటికి పంపుదామనుకున్న ఆ మూడు భోజనాలూ పక్క వీధికి రాసెయ్యండి.”